గ్లాకోమా: స్కాన్‌లో నరం పలచబడినా ఫీల్డ్ టెస్ట్ ఎందుకు బాగానే వస్తుంది?

సంక్షిప్తంగా: కంటి నరం క్రమంగా దెబ్బతినే జబ్బు గ్లాకోమా. ఇందులో కంటి నరానికి జరిగే నష్టానికీ, చూపు తగ్గడానికీ గట్టి సంబంధమే ఉంది. అయితే ఆ రెండింటినీ కొలిచే పరీక్షల కొలమానాలు వేరు. అందువల్ల తొలిదశలో నష్టం స్కాన్‌లో ముందు బయటపడుతుంది, జబ్బు ముదిరాక ఫీల్డ్ టెస్ట్‌లోనే తెలుస్తుంది. రెండు నివేదికలు ఒకదానికొకటి పొసగనట్లు కనిపించడానికి ఎక్కువగా కారణం ఇదే.

కంటి ఆసుపత్రి నుంచి రెండు కాగితాలతో ఇంటికి వచ్చేవారిలో చాలామందిని వేధించే సందేహం ఒకటుంది. కాంతితో కంటి పొరల మందాన్ని కొలిచే ఓసీటీ స్కాన్ నివేదికలో కంటి నరం చుట్టూ ఉన్న పొర ఒకపక్క ఎర్రరంగులో కనిపిస్తుంది, అంటే అక్కడ పలచబడిందని అర్థం. చూపు పరిధిలో ఎక్కడెక్కడ ఎంత కనిపిస్తుందో పరీక్షించే ఫీల్డ్ టెస్ట్ కాగితంలో మాత్రం చూపు మామూలుగానే ఉంటుంది. గోడ మీది అక్షరాల పట్టికలో చివరి వరస కూడా తడబడకుండా చదివేస్తారు. అయినా జీవితాంతం చుక్కల మందు వాడాలని డాక్టరు చెబుతారు. మరికొందరికి అంతా తారుమారుగా జరుగుతుంది. స్కాన్ రెండేళ్లుగా మారలేదంటారు, ఆ వెంటనే చూపు తగ్గుతోంది కాబట్టి ఆపరేషన్ కావాలంటారు. ఈ రెండు సందర్భాల్లోనూ పరీక్ష తప్పిందనో, డాక్టరు తొందరపడ్డారనో అనుకోవడం సహజం. చాలాసార్లు రెండు నివేదికలూ సరైనవే అయి ఉంటాయి.

నష్టం ఎక్కడ మొదలవుతుంది?

కంటి ముందుభాగంలో ఒక పలుచని ద్రవం నిరంతరం ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉండే సన్నని వడపోత కణజాలం గుండా బయటికి పోతుంటుంది. తూము పూడుకుపోతే చెరువులో నీటిమట్టం పెరిగినట్లు, ఆ దారి మందగిస్తే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. మామూలు ఒత్తిడి సుమారు 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం. ఒత్తిడి పెరిగేది కంటి ముందుభాగంలో అయినా, దెబ్బ తగిలేది వెనుక ఉన్న నరానికి.

కంటి వెనుక తెర అయిన రెటీనాలో, చూపు సంకేతాలను మెదడుకు పంపే గాంగ్లియన్ కణాల నుంచి బయలుదేరిన సన్నని పోగులు, ఒక్కో కంటిలో దాదాపు 10 నుంచి 12 లక్షలు, ఒకచోటికి చేరి కంటి నరంగా మారి మెదడుకు వెళ్తాయి. కంటి వెనుక గోడలో అవి బయటికి వెళ్లే చోట రంధ్రాలతో కూడిన పలుచని పలక ఒకటి ఉంటుంది. దాన్ని లామినా క్రిబ్రోసా అంటారు. ఒత్తిడికి ఈ పలక వెనక్కి వంగుతుంది, దాని రంధ్రాలు వంకర తిరుగుతాయి, వాటిలోంచి వెళ్లే పోగులు నలుగుతాయి. ఆ పోగుల వెంట మెదడు వైపు నుంచి కణానికి అందాల్సిన పోషక పదార్థాల రవాణా అక్కడ ఆగిపోతుంది. పలక చుట్టూ రక్తప్రసరణ తగ్గడం, పుర్రెలో మెదడు చుట్టూ ఉండే ద్రవం ఒత్తిడికీ కంటి ఒత్తిడికీ మధ్య తేడా పెరగడం కూడా ఈ నష్టానికి తోడవుతాయని పరిశోధకులు భావిస్తున్నారు. చివరికి కణం చనిపోతుంది. చనిపోయిన గాంగ్లియన్ కణం మళ్లీ పుట్టదు.

ఈ పలక అన్నివైపులా ఒకే బలంతో ఉండదు. పై భాగంలోనూ కింది భాగంలోనూ రంధ్రాలు పెద్దవి, వాటి మధ్య ఆధారంగా ఉండే కణజాలం తక్కువ. ఆ రెండు చోట్ల నుంచి వెళ్లే పోగులే ముందు దెబ్బతింటాయి. గ్లాకోమాలో చూపు ఒక పద్ధతి ప్రకారం పోవడానికి మూలం ఇదే.

డాక్టరు కంటిలోకి వెలుగు వేసి చూసినప్పుడు నరం మొదలు గుండ్రని డిస్కులా, దాని మధ్య పల్లం కప్పులా కనిపిస్తుంది. పోగులు తగ్గేకొద్దీ ఆ పల్లం పెద్దదవుతుంది. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపల చూసే పరికరమైన ఆఫ్తాల్మోస్కోపును పరిచయం చేశాక తొలిసారి ఈ దృశ్యాన్ని చూసిన వైద్యులు దాన్ని పల్లంగా కాక ఉబ్బుగా పొరబడ్డారు. ఆ కాలపు మేటి నేత్రవైద్యుడు ఫాన్ గ్రేఫె కూడా మొదట్లో అలాగే భావించి, తరవాత సరిదిద్దుకున్నాడు. ఒకే కంటితో చూసే పరికరంలో లోతు తెలియకపోవడం దానికి కారణం. ఓసీటీ వచ్చాక ఆ లోతును మైక్రాన్లలో కొలవడం సాధ్యమైంది. 1991లో తొలిసారి ప్రచురితమైన ఈ సాంకేతికత, కాంతి తరంగాలు కణజాలం లోపలి నుంచి ప్రతిఫలించే తీరును బట్టి పొరల మందాన్ని లెక్కగడుతుంది.

నరంలో ఏ మూల దెబ్బతింటే చూపులో ఏ మూల పోతుంది?

రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. కాబట్టి నరం కింది భాగం దెబ్బతింటే చూపులో పై భాగం మసకబారుతుంది, పై భాగం దెబ్బతింటే కింది చూపు తగ్గుతుంది. పోగులు నరంలోకి నేరుగా రావు. చూపు కేంద్రమైన మాక్యులాను తప్పించుకుంటూ విల్లులా వంగి వస్తాయి. అందుకే చూపులో పడే లోపం కూడా విల్లు ఆకారంలోనే ఉంటుంది. డెన్మార్క్ వైద్యుడు బ్యెరూమ్ 1889లో తన పరీక్ష గది తలుపు వెనుకభాగాన్నే తెరగా వాడుకుని, చిన్న తెల్లని గుర్తులను జరుపుతూ ఈ ఆకారాన్ని గుర్తించాడు. నేటి కంప్యూటర్ నివేదికల్లోనూ అదే విల్లు కనిపిస్తుంది.

పై పోగులూ కింది పోగులూ కలిసిపోకుండా కంటిలో అడ్డంగా ఒక సరిహద్దు ఉంటుంది. గ్లాకోమా లోపం తొలిదశలో ఆ అడ్డగీత దగ్గర, ముక్కు వైపున, మెట్టులా తెగిపోయి ఆగుతుంది. ఇది రోగ నిర్ధారణలో చాలా విలువైన ఆనవాలు. లోపం అడ్డగీత దగ్గర కాక నిలువుగీత దగ్గర ఆగితే అనుమానం కంటి మీద నుంచి మెదడు మీదికి మళ్లాలి. పిట్యూటరీ గ్రంథి కణితి, పక్షవాతం వంటివి అటువంటి లోపాన్ని కలిగిస్తాయి. అలాగే నరంలో పల్లం చిన్నదిగానే ఉండి, మిగిలిన అంచు మాత్రం బాగా పాలిపోయి ఉంటే అది గ్లాకోమా కాకపోవచ్చు.

నరంలోని ఏ భాగం చూపులోని ఏ బిందువులతో ముడిపడి ఉంటుందో తెలిపే పటాన్ని లండన్‌లో గార్వే-హీత్, ఆయన సహచరులు 2000లో ప్రచురించారు. స్కాన్‌నూ ఫీల్డ్ టెస్ట్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఇప్పటికీ అదే ఆధారం. స్కాన్‌లో కింది అంచు పలచబడి, ఫీల్డ్‌లో పై భాగంలో లోపం వస్తే ఆ రెండూ ఒకదాన్నొకటి బలపరుస్తున్నట్లు లెక్క. సగటు అంకెలను పోల్చడం కన్నా చోట్లను పోల్చడం ఎంతో మేలు.

రెండు కొలబద్దల కథ

అసలు చిక్కు ఇక్కడుంది. ఓసీటీ పొర మందాన్ని మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు చొప్పున కొలుస్తుంది. ఇది మామూలు స్కేలు: 10 మైక్రాన్లు తగ్గితే ఆరంభంలోనైనా తరవాతనైనా 10 మైక్రాన్లే. ఫీల్డ్ టెస్ట్ కొలిచేది రోగి గుర్తించగలిగిన అతి మసక వెలుగును. దాని కొలత డెసిబెల్, అది గుణకాల స్కేలు. 3 డెసిబెల్స్ తగ్గితే చూపు సున్నితత్వం సగమైనట్లు, 10 తగ్గితే పదో వంతైనట్లు, 20 తగ్గితే నూరో వంతైనట్లు.

దీని పర్యవసానం గుండ్రని అంకెలతో తేలిగ్గా తెలుస్తుంది. నరం చుట్టూ ఒకచోట పొర మందం 100 మైక్రాన్లు అనుకుందాం. అందులో నరపు పోగులు సుమారు సగం. మిగతా 50 రక్తనాళాలు, ఆధార కణజాలం. పోగులన్నీ పోయినా ఆ మిగతాది అలాగే ఉంటుంది, కాబట్టి మందం 50 కన్నా కిందికి దిగదు. ఇప్పుడు ఆ చోట పోగుల్లో సగం పోయాయి. స్కాన్ 75 మైక్రాన్లు చూపుతుంది. 25 మైక్రాన్ల తగ్గుదల యంత్రానికి చాలా పెద్దది, ఎందుకంటే సగటు మందాన్ని మళ్లీ మళ్లీ కొలిచినప్పుడు వచ్చే తేడా నాలుగైదు మైక్రాన్లకు మించదు. అదే సమయంలో ఫీల్డ్ టెస్ట్‌లో తగ్గేది 3 డెసిబెల్స్. ఆరోగ్యంగా ఉన్న కంటికి ఈ పరీక్షను రెండు రోజులు వరసగా చేసినా ఒక్కో బిందువు దగ్గర రెండు మూడు డెసిబెల్స్ అటూఇటూ అవుతుంది. కాబట్టి నిజమైన నష్టం ఆ సహజమైన ఊగిసలాటలో కలిసిపోతుంది.

జబ్బు ముదిరాక ఇదే లెక్క తిరగబడుతుంది. పోగుల్లో పదో వంతు మిగిలినప్పుడు స్కాన్ 55 మైక్రాన్లు, ఫీల్డ్ తగ్గుదల 10 డెసిబెల్స్. నూరో వంతు మిగిలినప్పుడు స్కాన్ 50.5, ఫీల్డ్ తగ్గుదల 20. ఈ రెండు స్థితుల మధ్య రోగి చూపు భారీగా పడిపోయింది, స్కాన్ మాత్రం యంత్రం గుర్తించలేనంత స్వల్పంగా కదిలింది. రెండేళ్లుగా స్కాన్ మారలేదన్న మాట తొలిదశ రోగికి ఊరట కలిగించేది, ముదిరిన రోగికి మాత్రం ఏమీ చెప్పనిది. అమెరికా పరిశోధకులు హుడ్, కార్డన్ 2007లో ప్రతిపాదించిన నమూనా సారాంశం ఇదే. అసలు కణాల స్థాయిలో నష్టానికీ చూపు తగ్గుదలకూ సంబంధం సూటిగానే ఉందని, స్కేలు వేరు కావడంతో గ్రాఫులో వంపు కనిపిస్తోందని వారి వాదన.

‘సగం నరం పోయేదాకా తెలియదు’ అన్న మాటలో నిజమెంత?

ఈ మాట అవగాహన శిబిరాల్లో తరచుగా వినిపిస్తుంది. జనాన్ని పరీక్షకు రప్పించడానికి పనికొస్తుందేమో గానీ, దాన్ని అక్షరాలా తీసుకోవడం సరికాదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ క్విగ్లీ బృందం, మరణానంతరం దానం చేసిన కళ్లలోని కణాలను లెక్కించి, ఆ వ్యక్తుల పాత ఫీల్డ్ టెస్టులతో పోల్చింది. 1982 నాటి అధ్యయనంలో చేత్తో జరిపే పాత యంత్రంపై లోపం కనబడే నాటికి 40 శాతం దాకా పోగులు పోయి ఉండవచ్చని తేలింది. కంప్యూటర్ యంత్రాలు వచ్చాక 2000లో వెలువడిన అంచనా 25 నుంచి 35 శాతం. ఈ అంకెలు కూడా సగటులే.

ఇంకో ముఖ్యమైన కారణం మనుషుల మధ్య తేడా. ఆరోగ్యవంతుల్లోనే ఒకరికి ఈ పొర 80 మైక్రాన్లు ఉంటే మరొకరికి 115 ఉండవచ్చు. 115తో మొదలైన వ్యక్తి చెప్పుకోదగ్గ నష్టం జరిగాక కూడా, మామూలుగా ఉందని సూచించే ఆకుపచ్చ రంగులోనే ఉంటాడు. 80తో పుట్టిన వ్యక్తికి ఏ జబ్బూ లేకుండానే, అనుమానాన్ని సూచించే పసుపురంగు రావచ్చు. ఆ రంగులు ఆ వయసువారి సగటుతో పోల్చి వేసినవి. ఆ వ్యక్తి నిన్నటి కంటితో పోల్చి వేసినవి కావు.

స్కాన్ ముందా, ఫీల్డ్ ముందా అన్న వివాదంలో రెండు పెద్ద అధ్యయనాలు పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. ఒత్తిడి ఎక్కువగా ఉండి ఇంకా జబ్బు రాని 1,636 మందిపై అమెరికాలో జరిగిన ఓహెచ్‌టీఎస్ అధ్యయనంలో, తరవాత గ్లాకోమా వచ్చినవారిలో సగానికి పైగా నరం ఫొటోల ద్వారానే ముందు బయటపడ్డారు. స్వీడన్‌లోని మాల్మో కేంద్రంగా జరిగిన ఈఎంజీటీ అధ్యయనంలో మాత్రం జబ్బు ముదరడం ఎక్కువమందిలో ఫీల్డ్ టెస్ట్‌లోనే ముందు తెలిసింది. కానీ మొదటి దానిలో చేరినవారికి చేరేనాటికి చూపులో లోపం లేదు, రెండో దానిలో చేరినవారికి అప్పటికే ఉంది. ఒకే జబ్బును రెండు దశల్లో చూసినప్పుడు ఇలాగే రావాలి.

మధ్యచూపు అనే మినహాయింపు

మామూలుగా చేసే ఫీల్డ్ టెస్ట్‌లో 54 బిందువులు ఉంటాయి. ఒక్కో బిందువుకూ మధ్య దూరం 6 డిగ్రీలు. రెటీనాలోని గాంగ్లియన్ కణాల్లో దాదాపు సగం మాత్రం మాక్యులా చుట్టూ 4.5 మిల్లీమీటర్ల లోపే కిక్కిరిసి ఉంటాయి. అంటే కణాలు దట్టంగా ఉన్న నట్టనడుమ పరీక్షించే బిందువులు నాలుగే. ఆ వల కంతల్లోంచి చిన్న లోపాలు జారిపోతాయి. మధ్యచూపు గ్లాకోమాలో చివరిదాకా భద్రంగా ఉంటుందన్న పాత నమ్మకం ఇప్పుడు కొంత సడలింది. ఓసీటీ మాక్యులా స్కాన్‌లో తొలిదశలోనే అక్కడ నష్టం కనిపించే రోగులు ఉన్నారు. అటువంటివారికి నడిమి 10 డిగ్రీలను 2 డిగ్రీల ఎడంతో 68 బిందువుల వద్ద పరీక్షించే మరో ఫీల్డ్ టెస్ట్ చేస్తే లోపం బయటపడుతుంది. అప్పటిదాకా పొసగవనిపించిన రెండు నివేదికలు అప్పుడు పొసగుతాయి.

రోగికి ఎందుకు తెలియదు?

ప్రచార పోస్టర్లలో గ్లాకోమా రోగి చూపు అంటే చుట్టూ నల్లని సొరంగం, నడుమ స్పష్టమైన బొమ్మ. బ్రిటన్‌లో డేవిడ్ క్రాబ్ బృందం 2013లో 50 మంది రోగులకు రకరకాల బొమ్మలు చూపి, మీ చూపు వీటిలో ఏదని అడిగింది. నల్లని సొరంగాన్ని ఒక్కరూ ఎంచుకోలేదు. సగానికి పైగా తమకు కొన్ని భాగాలు మసకగా ఉంటాయన్నారు. దాదాపు నాలుగో వంతు మంది తమ చూపులో లోపమే తెలియదన్నారు. ఒక కన్ను చూడని చోటును రెండో కన్ను చూస్తుంది. రెండూ చూడని చోటును చుట్టుపక్కల దృశ్యాన్ని బట్టి మెదడు పూరిస్తుంది. సందులోంచి అకస్మాత్తుగా వచ్చిన స్కూటరు, మెట్ల చివరి అంచు కనిపించకపోవడం వంటివి తప్ప రోగికి వేరే హెచ్చరిక ఉండదు. కింది చూపు తగ్గినవారు ఎక్కువగా పడిపోతారని అధ్యయనాలు చూపాయి. స్కాన్‌లో అది నరం పై అంచున కనిపించే నష్టం. అందుకని నష్టం ఎంత అన్నదే కాదు, ఎక్కడ అన్నది కూడా బతుకును నిర్ణయిస్తుంది.

కంటి ద్రవం బయటికి పోయే దారి ఉన్న కోణం హఠాత్తుగా మూసుకుపోయే రకంలో నొప్పి, ఎర్రదనం, దీపాల చుట్టూ రంగుల వలయాలు వస్తాయి. అది అత్యవసర పరిస్థితి, ఈ వ్యాసం పరిధికి బయటిది.

నివేదికలు పక్కదారి పట్టించే సందర్భాలు

ఎక్కువ మైనస్ పవరు ఉన్న కళ్లలో గుడ్డు పొడవుగా సాగి ఉంటుంది, పోగుల దారులు పక్కకు జరుగుతాయి. స్కాన్ యంత్రంలోని సగటు లెక్కలు అటువంటి కళ్లకు సరిపోవు కనుక ఎర్రరంగు ఊరికే వస్తుంది. నరం డిస్కు పుట్టుకతో పెద్దదైతే పల్లమూ పెద్దదిగా ఉండి అనవసర భయం కలిగిస్తుంది. చిన్న డిస్కులో నిజమైన నష్టమే చిన్న పల్లంగా కనిపించి కన్నుగప్పుతుంది. శుక్లాలు వస్తే ఫీల్డ్ మొత్తం సమానంగా తగ్గుతుంది, నరానికి ఏమీ కాకపోయినా. జీవితంలో తొలి ఫీల్డ్ టెస్ట్‌కు విలువ తక్కువ. బటన్ ఎప్పుడు నొక్కాలో అలవాటు కావడానికే ఒకటి రెండుసార్లు పడుతుంది.

కంటి ఒత్తిడి ఒక్కటే చూసి తేల్చేయడం వీటన్నింటికన్నా పెద్ద పొరపాటు. జపాన్‌లోని తజిమి పట్టణంలో జరిగిన సర్వేలో, 2004లో వెలువడిన ఫలితాల ప్రకారం, కోణం తెరిచి ఉండే రకం గ్లాకోమా రోగుల్లో 92 శాతం మందికి ఒత్తిడి 21 లోపే ఉంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 1996–2000 మధ్య నిర్వహించిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనంలో నగరవాసులను పరీక్షించినప్పుడు, ఈ రకం గ్లాకోమా ఉన్నట్లు తేలినవారిలో పదింట తొమ్మిది మందికి పైగా తమకు జబ్బు ఉన్న సంగతే తెలియదు. నరాన్ని చూడకుండా ఒత్తిడి మాత్రమే కొలిచే శిబిరాలు ఇటువంటివారిలో చాలామందిని వదిలేస్తాయి.

వరసలో చూస్తేనే అర్థం

ఒత్తిడిని నమ్మి రోగ నిర్ధారణ చేయలేకపోయినా, చికిత్సలో మార్చగలిగేది మాత్రం అదొక్కటే. ఓహెచ్‌టీఎస్‌లో ఐదేళ్లలో మందు వాడినవారిలో 4.4 శాతానికి, వాడనివారిలో 9.5 శాతానికి జబ్బు వచ్చింది. ఈఎంజీటీలో ఒత్తిడి ఒక్కో మిల్లీమీటరు తగ్గినకొద్దీ జబ్బు ముదిరే ముప్పు సుమారు 10 శాతం చొప్పున తగ్గింది. ఫీల్డ్ బాగానే ఉన్నా స్కాన్‌ను బట్టి మందు మొదలుపెట్టడం వెనుక ఉన్న తర్కం ఈ అంకెల్లో ఉంది. అలాగని స్కాన్‌లో ఎర్రరంగు ఉన్న ప్రతివారికీ మందు అక్కర్లేదు. ఆ ఎర్రరంగు అదే చోట పెరుగుతోందా అన్నది చూడాలి.

దానికి కావాల్సింది వరస నివేదికలు. చూపు వేగంగా తగ్గే రోగులను పట్టుకోవాలంటే తొలి రెండేళ్లలో ఆరు ఫీల్డ్ టెస్టులు అవసరమని నిపుణుల సిఫారసు. మన దగ్గర ఏడాదికి ఒకటి జరగడమే గగనం. పైగా ఆసుపత్రి మారినప్పుడల్లా పాత కాగితాలు ఇంట్లోనే ఉండిపోతాయి, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఒక కంపెనీ ఓసీటీ యంత్రం కొలతను మరో కంపెనీ యంత్రం కొలతతో నేరుగా పోల్చకూడదు. ఒకే చోట, ఒకే రకం యంత్రం మీద చేయించుకున్న స్కాన్లకు ఉన్న విలువ, నాలుగు చోట్ల చేయించుకున్న నాలుగు స్కాన్లకు ఉండదు. ముదిరిన రోగులు స్కాన్‌కు పెట్టే ఖర్చును నడిమి 10 డిగ్రీల ఫీల్డ్ టెస్ట్‌కు మళ్లించడం మేలు.

ఇక పరిశోధకులను ఆకర్షిస్తున్న ప్రశ్న ఒకటి మిగిలింది. గాంగ్లియన్ కణం ఒక్కసారిగా చనిపోదు. ముందు దాని కొమ్మలు ముడుచుకుంటాయి, స్పందన మందగిస్తుంది. కొంతకాలం అది బతికే ఉంటుంది గానీ పనిచేయదు. ఆ దశలో స్కాన్ దాన్ని ఉన్న కణంగానే లెక్కిస్తుంది, ఫీల్డ్ టెస్ట్ లేని కణంగా లెక్కిస్తుంది. అటువంటి కణాలను తిరిగి పనిలోకి తేవచ్చా అని విటమిన్ బీ3లో ఒక రూపమైన నికోటినమైడ్‌తో కొన్ని దేశాల్లో ప్రయోగాలు సాగుతున్నాయి. 2020లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో రెటీనా లోపలి పొరల విద్యుత్ స్పందన కొంత మెరుగుపడింది. ప్రయోగాల్లో వాడే మోతాదు మామూలు విటమిన్ మాత్రలకు ఎన్నో రెట్లు ఎక్కువ, కాలేయానికి హాని జరిగే అవకాశం ఉంది కాబట్టి సొంతంగా వాడదగినది కాదు. దీని ఫలితం తేలేది స్కాన్‌లో కాదు. పోయిన మందం తిరిగి రాదు గనుక, ఈ ప్రయోగాల తుది తీర్పును ఫీల్డ్ టెస్టుల్లోనే వెతుకుతున్నారు.